రేషన్ ఆగిన నెలలో మన వీధివాళ్ల పొయ్యి వెలగాలంటే

అన్నదానం వేరు, రేషన్ ఆగిన ఇళ్లకి కొన్ని వారాలు సరుకులు అందించడం వేరు. గుడి దగ్గర ఒక ఆదివారం పులిహోర పంచితే పుణ్యం వస్తుందేమో కానీ, బియ్యం ఆగిపోయిన ఇంట్లో సోమవారం పొద్దున మళ్లీ అదే ఖాళీ డబ్బా. అందుకే ఎంతమందికి అనేదానికంటే ముందు ఎన్ని వారాలకి అనేది తేల్చుకోండి. మేం ఆరు వారాలు అనుకుని డబ్బులు పోగేశాం.

మేముండేది బెంగళూరులో వర్తూరు వైపు. వీధి చివర ఖాళీ సైట్లో రేకుల షెడ్లున్నాయి, మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం నుంచి బిల్డింగ్ పనులకొచ్చిన కుటుంబాలు. పోయిన వానాకాలంలో పనులు ఆగాయి, దానికి తోడు వేలిముద్ర పడట్లేదని కొందరికి రేషన్ కూడా రాలేదు. సిమెంటు, ఇసుక పట్టి పట్టి వేళ్లు అరిగిపోతే ముద్ర ఎక్కడి నుంచి పడుతుంది చెప్పండి.

ఎవరికి అవసరమో తెలుసుకోడానికి గుంపుగా వెళ్లి సర్వే చేయకండి, మొహమాటానికి అందరూ "బాగానే ఉన్నాం సార్" అంటారు. దగ్గర్లో కిరాణా కొట్టు ఉంటుంది కదా, అక్కడి అరువు పుస్తకం అన్నీ చెప్తుంది. పోయిన నెల బియ్యం అరువు తెచ్చుకున్నవాళ్లు ఈ నెల కొట్టు వైపే రాలేదంటే, పాత బాకీ తీర్చలేక మొహం చాటేస్తున్నారన్నమాట. కొట్టాయన్ని పుస్తకం చూపించమనొద్దు, ఏయే ఇళ్లు చూడాలో చెప్పమంటే చాలు.

మేం చేసిన తప్పు కూడా చెప్తా. మొదటివారం ఉత్సాహంగా పది కిట్లు కట్టి పంచేశాం, గోధుమపిండి ప్యాకెట్లతో సహా. మూడో రోజు చూస్తే ఒక ఇంట్లో సంచి ముడి కూడా విప్పలేదు. ఏమక్కా అంటే, "గ్యాస్ అయిపోయిందన్నా, రెండు దినాల సంది పొయ్యి ముట్టియ్యలే, పిల్లలకి బన్ను కొనిపెడుతున్నా" అంది. బియ్యం ఉంది, పప్పు ఉంది, ఉడకబెట్టడానికి ఏమీ లేదు. అప్పటి నుంచి సామాను కంటే ముందు సిలిండర్ సంగతి అడుగుతున్నాం. గోధుమపిండి కూడా మానేశాం, అనంతపురం నుంచొచ్చినవాళ్లు సంగటి తినేవాళ్లు, చపాతీ పెనమే లేదు వాళ్ల దగ్గర.

నలుగురున్న ఇంటికి వారానికి మా లెక్క ఇది: బియ్యం 6 కేజీలు, రాగిపిండి 2 కేజీలు, కందిపప్పు కేజీ, నూనె లీటరు, ఉల్లిపాయలు 2 కేజీలు, పచ్చడికి వేరుశనగ గుళ్లు అరకేజీ, చింతపండు, కారం, ఉప్పు, పిల్లలుంటే గుడ్లు. చట్టం ప్రకారం రేషన్‌లో వచ్చేది మనిషికి నెలకి 5 కేజీలు, మరీ పేదలకిచ్చే అంత్యోదయ కార్డైతే ఇంటికి 35. బరువులు మోసే మనిషికి ఆ 5 కేజీలు రెండు వారాలు వస్తే గొప్ప.

రెండు వారాలయ్యాక కిట్లు కట్టడమే ఆపేసి కొట్లో ఒక్కో ఇంటి పేర ఖాతా తెరిచాం. ఇంటికి వారానికి 700, ఏం కావాలో వాళ్లే తీసుకుంటారు, బీడీలకి మాత్రం చెల్లదు. నన్నడిగితే ఇదే మంచి పద్ధతి, లైన్లో నిలబడక్కర్లేదు, ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు. డబ్బులన్నీ ఒక్కరి ఫోన్‌పేకే రావాలి, లెక్క మాత్రం ఇద్దరు చూడాలి, కొట్టు బిల్లు ఫొటో ప్రతి ఆదివారం వాట్సాప్ గ్రూపులో పెట్టేయాలి. మనుషుల ఫొటోలు పెట్టొద్దు. ఎవరైనా "ఒక్క ఫొటో, స్టేటస్‌కి" అంటే వాళ్ల చందా వాళ్లకి తిరిగిచ్చేయండి.

వండిన భోజనం వంటపాత్రలు లేని బ్యాచిలర్లకి, జ్వరంతో పడున్నవాళ్లకి ఇవ్వండి చాలు. కేజీ బియ్యం ఆరేడుగురికి వస్తుంది. అన్నం పొగలు కక్కుతూనే వెళ్లాలి, 60 డిగ్రీలకి తగ్గకుండా ఉంటే మంచిది, చల్లారి గంటల తరబడి డబ్బాలో మగ్గిందంటే మళ్లీ వేడిచేసినా దాంట్లో పుట్టిన విషం పోదు. కొబ్బరి చట్నీ జోలికి పోవద్దు. రోజూ వండి పంచే వంటశాల పెడదామనుకుంటే ఆహార నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చూసుకోండి, 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో లాభం లేకుండా చేసేది కూడా ఆహార వ్యాపారం కిందికే వస్తుంది. దగ్గర్లో ప్రభుత్వం నడిపే ఇందిరా క్యాంటీన్ ఉంటే ఇంత హైరానా అక్కర్లేదు, టిఫిన్ 5, భోజనం 10 రూపాయలు, కుర్రాళ్ల చేతిలో ఆ డబ్బులు పెడితే సరి.

ఇదంతా నడుస్తుండగానే ఒకరు రేషన్ పని మీదే తిరగాలి, ఎందుకంటే మన చందాలు ఆరు వారాలే. ఆంధ్ర, తెలంగాణ కార్డు మీద కూడా కేంద్రం ఇచ్చే బియ్యం బెంగళూరులో తీసుకోవచ్చు, వన్ నేషన్ వన్ రేషన్ అంటారే అదే. కాకపోతే కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉండాలి, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకి కుదరదు, కర్ణాటక తన అన్నభాగ్య పథకం కింద అదనంగా ఇచ్చేది కూడా రాదు. ముద్ర పడలేదని బియ్యం ఎగ్గొట్టకూడదని 2017 అక్టోబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. ఇది మేం ఒక షాపులో చెప్తే "సర్వర్ ఇల్ల, నాళె బన్ని" అన్నారు, అంటే సర్వర్ లేదు, రేపు రండి అని. నాలుగు రోజులు అదే నాళె. ఐదో రోజు అక్కడే నిలబడి రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కి ఫోన్ చేశాం, వేలిముద్రకి బదులు కంటిపాప చూసే మిషన్ బయటికొచ్చింది. గర్భిణులకి, బాలింతలకి, ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు పిల్లలకి అంగన్‌వాడీ తిండి రేషన్ కార్డు లేకపోయినా హక్కే, వెంట వెళ్లి పేరు రాయించండి, భాష రాక చాలామంది గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చేస్తారు.

రేషన్ మళ్లీ మొదలైన ఇంటి ఖాతా ఆ వారమే మూసేయండి, వాళ్లకి ముందే చెప్పి. మా దగ్గర చివర్లో కొంత మిగిలితే ఇంకొంచెం వేసి 5 కేజీల చిన్న సిలిండర్ ఒకటి కొన్నాం. అది కిరాణా కొట్లోనే ఉంటుంది, ఎవరింట్లో గ్యాస్ అయిపోతే వాళ్లు పట్టుకెళ్తున్నారు.