చెక్క గరిటె చెక్కుదాం - 4వ పాఠం: ముందు పగుళ్లు, తర్వాతే నూనె

ఈ పాఠంలో నూనె పట్టించడం, ఒకరికి ఇవ్వదగ్గ గరిటె ఎలా ఉండాలి అన్నవి చెప్పాల్సి ఉంది. కానీ పోయిన పాఠం చూసి గుంట తీసినవాళ్లలో చాలామంది గరిటెలు పగిలాయి. చెక్కిన రోజు బాగానే ఉంది, మూడో రోజుకి గుంట అంచు నుంచి మెడ దాకా గీత పడి నోరు తెరిచింది. కొందరు రంపపు పొట్టులో ఫెవిక్విక్ కలిపి ఆ గీతను పూడ్చారు. అలా పూడ్చిన గరిటెను గృహప్రవేశానికి ఇవ్వొచ్చా అని ఒకరు అడిగారు. ఇవ్వకండి. వేడి పప్పులో రోజూ మునిగి తేలే వస్తువులో ఆ జిగురు నిలవదు. నిలిచినా అది తిండిలోకి పోకూడదు.

కొండపల్లిలో చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేస్తారు కదా అని మీరనవచ్చు. నిజమే. అది బొమ్మ. మక్కు మీద రంగు పడుతుంది, బొమ్మ కొలువులో కూర్చుంటుంది, నీళ్లలో నానదు. పైగా వాళ్లు తెల్ల పొనికి కర్రలో తడి పోగొట్టాకే పని మొదలుపెడతారు. మనం పచ్చి కర్ర చెక్కుతున్నాం. చెక్కడం తేలిక కాబట్టి మొదటి పాఠంలో దాన్నే ఎంచుకున్నాం. ఆ తేలికకు తగ్గ ఓపిక ఆరబెట్టేటప్పుడు చూపించాలి.

గుంట అడుగున నార లేచిందన్నవాళ్లకు ఒక్క మాట. పిడి వైపు నుంచి అడుగుకి, కొస వైపు నుంచి అడుగుకి, రెండు పక్కలా కిందికే చెక్కండి. అడుగు దాటి ఎదురెక్కితే నార లేస్తుంది. కిందికి చెక్కినా లేస్తుంటే ఉలి నూరండి. నూరడం రెండో పాఠంలో ఉంది.

ఇక పగులు. ఇది చెక్కేటప్పుడు రాలేదు, ఆరేటప్పుడు వచ్చింది. పచ్చి కర్ర ఆరితే కుంచించుకుపోతుంది, కానీ అన్ని వైపులా ఒకేలా కాదు. పొడవులో తగ్గేది నూటికి అర వంతు కూడా ఉండదు. కొమ్మ నడిమి నుంచి బెరడు వైపుకి సుమారు 3 నుంచి 5 శాతం తగ్గుతుంది. వలయాల చుట్టూ మాత్రం దాదాపు రెట్టింపు, 6 నుంచి 10 శాతం. అంకెలు చెట్టును బట్టి మారతాయి. చుట్టూ తగ్గేది ఎక్కువ అన్న సంగతి మారదు.

ఇప్పుడు నిండు గుండ్రటి కొమ్మను ఊహించుకోండి. చుట్టుకొలత 8 శాతం తగ్గాలి, నడిమి నుంచి అంచు దూరం 4 శాతమే తగ్గుతోంది. వలయం బిగుసుకుంటోంది, లోపలి చెక్క చోటివ్వడం లేదు. ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. అందుకే కొమ్మ నడిమధ్య ఉండే మెత్తటి చుక్క, ఆ బెండు, మీ గరిటెలో ఉండకూడదు. మొదటి పాఠంలో ఈ ముక్క చెప్పాను. అయినా పగిలినవాటిలో సగానికి పైగా గరిటెల్లో గుంట మధ్యలోనే బెండు కనిపిస్తోంది. సన్నటి కొమ్మ తెచ్చి, చీల్చకుండా, ఒక పక్క చదును చేసి చెక్కేశారు. నాకు బాధగా ఉన్నది ఇక్కడే. అంత శ్రద్ధగా తీసిన గుంట, అంత అందమైన మెడ, మొదటి పది నిమిషాల్లో చీల్చని కొమ్మ వల్ల పోయాయి.

కాబట్టి గరిటె వెడల్పుకి రెట్టింపు కంటే లావున్న కొమ్మ తీసుకోండి. 6 సెంటీమీటర్ల గరిటెకు 14 సెంటీమీటర్ల కొమ్మ కావాలి. మచ్చుకత్తి సరిగ్గా బెండు మీద ఆనించి, వెనక కర్రతో కొట్టి రెండుగా చీల్చండి. ప్రతి సగం నుంచీ బెండు ఉన్న మేర వేలి మందాన తీసేయండి. రంపంతో కోయకండి, చీల్చండి. చీలిక నార వెంట పోతుంది, రంపం మీరు తోసిన చోటికి పోతుంది. సన్న కొమ్మే దొరికితే దాంతో వెన్న తీసే చిన్న చెంచా చేసుకోండి, అందులోనూ బెండు తీసేశాకే.

చీల్చినా పగిలిందన్నవాళ్లు ఎండలో పెట్టి ఉంటారు. లేకపోతే ఫ్యాన్ కింద పెట్టి ఉంటారు. పైపొర గబగబా ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడే. ఆ లాగుడుకే పైన చీలుతుంది. అన్నిటికంటే ముందు ఆరేది నార తెగిన కొసలు. పక్కల కంటే అక్కడి నుంచి తడి సుమారు 10 రెట్లు వేగంగా పోతుంది. గరిటెలో గుంట అంచు ముందూ వెనకా అలాంటి కొసలే, అందుకే పగులు అక్కడ మొదలవుతుంది. ఆ కొసలకు కరిగిన కొవ్వొత్తి మైనం పూయండి. గుంట గోడ అన్ని చోట్లా ఒకే మందం, 6-7 మిల్లీమీటర్లు ఉండాలి. అంచు పల్చగా, మెడ దుంగలా ఉంటే రెండూ వేర్వేరు వేగాల్లో ఆరి ఒకదాన్నొకటి లాగుతాయి. తర్వాత ఆ గరిటెను దాని చెక్కపొట్టుతో సహా కాగితపు కవర్లో పెట్టి, గాలి తగలని మూల ఉంచండి. నేను పాత పంచె ముక్కలో చుట్టి మంచం కింద పెడతాను, కవర్ కంటే నాకు అదే నచ్చింది. ప్లాస్టిక్ కవర్లో మూసేస్తే బూజు పడుతుంది. విశాఖ, కాకినాడల్లో ఉన్నవాళ్లు రోజూ ఒకసారి విప్పి చూడండి. అనంతపురం ఏప్రిల్‌లో అయితే రెండు పొరలు చుట్టండి.

ఆరిందని ఎలా తెలుస్తుంది? బుగ్గకు ఆనించి చల్లగా ఉందో లేదో చూడమంటారు. అంతకంటే కిచెన్ స్కేల్ నమ్మదగినది. మొదటి రోజు బరువు పెన్సిల్‌తో కాడ మీదే రాయండి, రోజూ తూచండి. ఉదాహరణకు 90 గ్రాములతో మొదలైంది 60కి దిగి, వరసగా నాలుగు రోజులు అక్కడే నిలిస్తే ఆరినట్టు. గుండ్రంగా తీసిన గుంట అప్పటికి కాస్త కోలగా మారి ఉంటుంది. కంగారు పడకండి, వెడల్పే తగ్గింది, పొడవు తగ్గలేదు. ఇప్పుడు బాగా పదునున్న కత్తితో పైన పల్చగా ఒక్క పొర తీసి, మైనాన్నీ పెన్సిల్ గీతల్నీ కూడా తొలగించండి. కత్తి వదిలిన మెరుపు సాండ్ పేపర్‌తో రాదు. సాండ్ పేపర్ వాడితీరాలి అనుకునేవాళ్లు ఆరాకే వాడండి. తర్వాత ఒకసారి నీళ్లు చల్లి నార లేపి, ఆరనిచ్చి, మళ్లీ రుద్దండి. లేకపోతే తీసుకున్నవాళ్లు మొదటిసారి కడిగినప్పుడే గరుకవుతుంది.

ఇవ్వబోయే గరిటెకు తేదీ దగ్గర పెట్టుకుని పని మొదలుపెట్టకండి. శ్రావణంలో పెళ్లి ఉంటే వైశాఖంలోనే కొమ్మ చీల్చండి. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపేవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. చలికాలం హీటర్లు నడిచే ఇళ్లలో గాలి చాలా పొడిగా ఉంటుంది, మన కోస్తాలో ఆరిన గరిటె అక్కడ ఇంకొంచెం ముడుచుకుంటుంది. పల్చటి అంచులు వద్దు. ఎవరికిస్తున్నారో వాళ్లు ఏ చేత్తో కలుపుతారో అడగండి. వాలు అంచు గరిటె ఎడమచేతివాళ్లకు తిరగబడుతుంది. ఏం వండుతారో కూడా అడగండి. ఉదయగిరి చెంచాల కాడల మీది నగిషీ చూసి మనమూ వేద్దామంటున్నారు. ముందు నునుపైన కాడ కుదరనివ్వండి.

కర్ర విషయంలో గన్నేరు ముట్టకండి, విషం. పచ్చి మామిడి జీడి కొందరికి దద్దుర్లు తెస్తుంది. వేప గరిటె కొన్నాళ్లు చేదు దిగుతుంది, పాయసానికి ఇవ్వకండి. తెల్లటి కర్ర పసుపు పట్టి రంగు మారుతుందని తీసుకునేవాళ్లకు ముందే చెప్పండి.

నూనె. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు వద్దు, జిడ్డుగా ఉండిపోయి కంపు పడతాయి. గానుగలో తీసిన అవిసె నూనె నాకిష్టం. పల్చగా పూసి, పావుగంట తర్వాత తుడిచి, మూడు నాలుగు పూతలు వేసి, కొన్ని వారాలు ఆరనివ్వాలి. పెయింట్ షాపులో దొరికే బాయిల్డ్ రకం వద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహపు రసాయనాలు కలుపుతారు. అంత టైం లేకపోతే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ వాడండి. అది ఆరదు కానీ చెడదు, అప్పుడప్పుడూ మళ్లీ పూయాలి. వార్నిష్ వద్దు, పెచ్చులూడుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డను మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. బయట దండెం మీద పరిచి ఆరేయండి, లేకపోతే నీళ్లలో ముంచి పెట్టండి.

అభ్యాసం: ఒకే కొమ్మ నుంచి నాలుగు గరిటెలు, నాలుగూ ఒకే కొలత. ఒకదానిలో కావాలనే బెండు ఉంచండి, ఒకదాన్ని ఎండలో పెట్టండి, రెండింటిని చుట్టి పెట్టండి. నాలుగింటినీ రోజూ తూచి రాయండి. చుట్టి పెట్టినవాటిలో ఒకటి నూనె పట్టించి మీ వంటింట్లోనే నెలరోజులు సాంబారులో తిప్పండి, కడగండి, ఆరబెట్టండి. అది నిలిస్తే దాని జత ఇవ్వండి. ఐదో పాఠం అన్నం వడ్డించే హస్తం మీద, దానికి మెడ దగ్గర సహజంగా వంగిన కొమ్మ కావాలి. ఇప్పటినుంచే వెతకండి.