వీధి తలుపు పనికి ముందు జాగ్రత్తలు

- చెక్క ఆరిందని కంటిచూపుతో తేల్చేయకండి. తేమ మీటరు 12 శాతం దాటి చూపిస్తే ఆగండి.
- ద్వారబంధాన్ని పైన, మధ్యన, కింద కొలవండి. మూడూ ఒకేలా ఉండటం అరుదు. తక్కువ కొలతే లెక్క, అందులోనూ చుట్టూ 3 మి.మీ. సందు.
- చట్రంలో కూర్చే పలకలకు జిగురు వద్దు. వానకు ఉబ్బి ఎండకు ముడుచుకునే చెక్క అది. గాడిలో కదలనివ్వకపోతే నిలువునా చీలుతుంది.
- యంత్రం దగ్గర కళ్లద్దాలు తప్పనిసరి, చేతితొడుగులు మాత్రం వద్దు. తిరిగే పళ్లకు చిక్కితే చేతినీ లాగేస్తాయి.
- పై అంచుకూ కింది అంచుకూ బిగించకముందే వార్నిష్ పట్టించండి. ఎవరికీ కనిపించవని వదిలేస్తారు. నీరు తాగేది అక్కడే.
- అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకోగలవు. ఆరుబయట విడివిడిగా పరచండి.