లినక్స్ పాఠాలు – 6: రెండో డిస్క్‌కు పక్కా చిరునామా

పోయిన పాఠంలో కొత్త డిస్క్ మీద ఒక పార్టిషన్ చేసి, ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్‌తో (డిస్క్ మీద ఫైళ్ళు అమర్చే పద్ధతి) ఫార్మాట్ చేసి ఆపేశాం. డిస్క్ తయారుగానే ఉంది, లోపలికి వెళ్ళే దారే ఇంకా లేదు. విండోస్ అయితే దానికి ఈ: అనో ఎఫ్: అనో ఒక అక్షరం తగిలించి కొత్త డ్రైవ్‌గా చూపించేసేది. లినక్స్‌లో డ్రైవ్ అక్షరాలు లేవు. ఫోల్డర్లన్నీ / దగ్గర మొదలవుతాయి. ఎన్ని డిస్కులున్నా ఆ / కింద ఏదో ఒక ఫోల్డర్ దగ్గర తగిలించుకోవాలి. ఆ ఫోల్డరే మౌంట్ పాయింట్.

ఈ పాఠానికి ఉదాహరణగా ఉబుంటు ఉన్న ఇంటి డెస్క్‌టాప్ తీసుకుందాం. సిస్టమ్ 250 జీబీ ఎస్ఎస్‌డీ మీద ఉంది. ఫొటోలూ వీడియోలూ దాచుకోవడానికి 1 టీబీ హార్డ్ డిస్క్ కొత్తగా బిగించారు. ఫెడోరా, డెబియన్ వాడేవాళ్ళకీ దాదాపు ఇదే పద్ధతి. ఎప్పటిలాగే కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ముందు చేత్తో మౌంట్ చేద్దాం

ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్

డిస్కులు, వాటి పార్టిషన్లు, ఏది ఎక్కడ మౌంట్ అయి ఉందో అన్నీ కనిపిస్తాయి. కొత్త పార్టిషన్ పేరు ఎస్‌డీబీ1 అనుకుందాం. దాని వరసలో ఈఎక్స్‌టీ4 అని, పక్కన పొడుగాటి యుయుఐడీ (ఆ పార్టిషన్ గుర్తింపు నంబర్) ఉంటాయి. చివర్లో మౌంట్ పాయింట్ గడి ఖాళీగా ఉంటుంది.

సుడో ఎంకేడీఐఆర్ /డేటా
సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1 /డేటా
డీఎఫ్ -హెచ్ /డేటా

ఫైల్‌సిస్టమ్ రకం మనం చెప్పక్కర్లేదు, మౌంట్ కమాండే కనిపెట్టేస్తుంది. డీఎఫ్ చూడగానే మాత్రం చాలామంది కంగారు పడతారు. 1 టీబీ కొంటే 916 దగ్గర చూపిస్తుంది, అందులో వాడుకోవడానికి మళ్ళీ 870 అంటుంది. డిస్క్ తయారుచేసేవాళ్ళు వెయ్యి లెక్కన కొలుస్తారు, డీఎఫ్ 1024 లెక్కన కొలుస్తుంది. అక్కడే 1000 కాస్తా 931 అవుతుంది. ఇంకొంత ఫైల్‌సిస్టమ్ తన సొంత పట్టికలకు తీసుకుంటుంది. చివరి తేడాకి కారణం ఈఎక్స్‌టీ4 అలవాటు: ఎవరూ అడక్కపోయినా 5 శాతం చోటు రూట్ యూజర్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్, సుడో ఇచ్చేది ఆ హక్కులే) కోసం పక్కన పెట్టేస్తుంది. సిస్టమ్ డిస్క్‌కి అది మంచిదే, డిస్క్ నిండిపోయినా రూట్ లాగిన్ అయి శుభ్రం చేసుకోవచ్చు. ఫొటోల డిస్క్‌కి అంత అవసరం లేదు. సుడో ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 1 /డెవ్/ఎస్‌డీబీ1 అని కొడితే 1 శాతానికి తగ్గుతుంది, లోపలి డేటాకి ఏమీ కాదు.

/డేటా అనే పేరే ఉండాలని లేదు. అయితే /ఎంఎన్‌టీని తాత్కాలిక పనులకు వదిలేయండి, /మీడియా జోలికీ వెళ్ళకండి. పెన్‌డ్రైవ్ గుచ్చినప్పుడు ఉబుంటు డెస్క్‌టాప్ తనంతట తాను వాడుకునేది ఆ మీడియా ఫోల్డర్‌నే.

డిస్క్ కింద దాక్కున్న ఫైల్

ఇప్పుడో ప్రయోగం. దీన్ని దాటేయకండి, మిగతా పాఠమంతా దీని మీదే నడుస్తుంది.

సుడో యుమౌంట్ /డేటా
సుడో టచ్ /డేటా/కింద
సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1 /డేటా
ఎల్ఎస్ /డేటా

(యుమౌంట్‌లో యు తర్వాత ఎన్ ఉండదు. ఎన్ పెట్టి కొడితే అలాంటి కమాండే లేదంటుంది. ఇక ఫైల్ పేరు నిజంగా తెలుగులో పెట్టినా లినక్స్‌కు అభ్యంతరం లేదు.)

ఎల్ఎస్‌లో లాస్ట్+ఫౌండ్ అనే ఫోల్డర్ ఒక్కటే కనిపిస్తుంది. అది ఈఎక్స్‌టీ4 తనకోసం పెట్టుకున్నది. మనం చేసిన 'కింద' ఫైల్ ఎటు పోయింది? ఎటూ పోలేదు, ఎస్ఎస్‌డీ మీద భద్రంగా ఉంది. దాని పైన హార్డ్ డిస్క్ వచ్చి కూర్చోవడం వల్ల మనకు కనిపించడం లేదు. యుమౌంట్ చేసి చూడండి, మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

చూడ్డానికి చిన్న విషయమే. కానీ హార్డ్ డిస్క్ మౌంట్ కాని రోజున /డేటా అనేది ఎస్ఎస్‌డీ మీద ఉన్న మామూలు ఫోల్డర్ అని దీనర్థం. రాత్రి నడిచే బ్యాకప్ స్క్రిప్ట్‌కు ఆ తేడా తెలియదు. హాయిగా ఎస్ఎస్‌డీ మీదే రాసుకుంటూ పోతుంది, ఎర్రర్ కూడా రాదు. మర్నాడు కేబుల్ సరిచేసి డిస్క్‌ను మౌంట్ చేస్తే, రాత్రి రాసినవన్నీ దాని కింద దాక్కుంటాయి. అప్పుడు డీఎఫ్ చూస్తే ఎస్ఎస్‌డీ నిండిపోయిందంటుంది, డీయు పెట్టి ఫోల్డర్ ఫోల్డరూ లెక్కేస్తే సగం కూడా తేలదు. సర్వర్లు చూసుకునేవాళ్ళను జుట్టు పీక్కునేలా చేసే సమస్య ఇది. కిందున్నది చూడాలంటే ఒక ఉపాయం ఉంది:

సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ
సుడో డీయు -ఎస్‌హెచ్ /ఎంఎన్‌టీ/డేటా

బైండ్ అంటే ఉన్న ఫోల్డర్‌నే ఇంకో చోట కూడా చూపించడం. ఇలా చేస్తే / మీద ఉన్నవి మాత్రమే /ఎంఎన్‌టీలోకి వస్తాయి, వాటి మీద మౌంట్ అయిన వేరే డిస్కులు రావు. అందుకని దాక్కున్న ఫైల్ బయటపడుతుంది. చూశాక సుడో యుమౌంట్ /ఎంఎన్‌టీ కొట్టి తీసేయండి.

అసలు అలా దాక్కునే అవకాశమే ఇవ్వకుండా ఉంటే ఇంకా మేలు. డిస్క్‌ను యుమౌంట్ చేసి, 'కింద' ఫైల్‌ను తీసేసి, ఖాళీ ఫోల్డర్‌కు తాళం వేయండి:

సుడో ఆర్ఎం /డేటా/కింద
సుడో సీహెచ్ఏటీటీఆర్ +ఐ /డేటా

ఇక ఆ ఫోల్డర్‌లో రూట్ కూడా ఫైల్ పెట్టలేడు. దాని మీద డిస్క్‌ను మౌంట్ చేయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, మౌంట్ అయ్యాక డిస్క్ మీద మామూలుగానే రాసుకోవచ్చు. డిస్క్ లేని రోజున బ్యాకప్ స్క్రిప్ట్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మనకు కావలసింది అదే.

ఎస్‌డీబీ పేరును నమ్మొద్దు

చేత్తో చేసిన మౌంట్ రీబూట్ చేసేదాకే ఉంటుంది. ప్రతిసారీ తనంతట తానే జరగాలంటే /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఒక లైను రాయాలి. అందులో /డెవ్/ఎస్‌డీబీ1 అని రాయకండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్ ముందు దొరికితే దానికి వస్తాయి. ఇంకో డిస్క్ పెట్టినా, కేబుల్ వేరే పోర్టుకు మార్చినా ఇవాళ్టి ఎస్‌డీబీ రేపు ఎస్‌డీసీ కావచ్చు. పరీక్ష హాల్లో కూర్చునే బెంచీ మారినా హాల్ టికెట్ నంబర్ మారదు కదా, యుయుఐడీ అలాంటిది. ఫార్మాట్ చేసినప్పుడు పడుతుంది, మళ్ళీ ఫార్మాట్ చేసేదాకా అదే ఉంటుంది. సుడో బీఎల్‌కేఐడీ /డెవ్/ఎస్‌డీబీ1 కొట్టి దాన్ని కాపీ చేసుకోండి. చూసి టైప్ చేయొద్దు, 36 అక్షరాల్లో ఎక్కడో ఒకచోట తప్పు పోతుంది.

సుడో సీపీ /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్.పాత
సుడో నానో /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్

ఉన్న లైన్లు ముట్టుకోకుండా అన్నిటికన్నా కింద ఇది చేర్చండి:

యుయుఐడీ=కాపీచేసినది /డేటా ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్స్,నోఫెయిల్ 0 2

యుయుఐడీ అనే మాట మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి. మొత్తం ఆరు గడులు, మధ్యలో ఖాళీ ఎంతున్నా పరవాలేదు. కానీ నాలుగో గడిలో కామా తర్వాత ఖాళీ వదిలారో, అక్కడితో గడి అయిపోయిందనుకుంటుంది. మౌంట్ పాయింట్ పేరులోనే ఖాళీ ఉంటే దాని బదులు \040 అని రాయాలి. అలాంటి పేరు పెట్టకపోతే ఇంకా సుఖం.

మొదటి మూడు గడులూ చూస్తేనే తెలుస్తాయి. అయిదోది డంప్ అనే పాతకాలపు బ్యాకప్ ప్రోగ్రామ్ కోసం, 0 పెట్టి మర్చిపోండి. ఆరోది బూట్‌లో డిస్క్‌ను తనిఖీ చేసే వరస. / కి 1, మిగతా ఈఎక్స్‌టీ4 డిస్కులకు 2, తనిఖీ వద్దనుకుంటే 0. పాత పాఠాల్లో నోఎటైమ్ కూడా పెట్టమని చెబుతుంటారు, ఫైల్ చదివినప్పుడల్లా టైమ్ రాయకుండా ఉండటానికి. 2009లో వచ్చిన 2.6.30 కెర్నల్ నుంచి రెలటైమ్ అనే మధ్యేమార్గం మామూలుగానే అమల్లో ఉంది కాబట్టి ఇంటి డిస్క్‌కి దానివల్ల పెద్ద తేడా ఉండదు.

నోఫెయిల్ మాత్రం తప్పనిసరిగా పెట్టండి. అది లేకపోతే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఉన్న ప్రతి డిస్కూ దొరికి తీరాలని బూట్ పనులు నడిపించే సిస్టమ్‌డీ పట్టుబడుతుంది. డిస్క్ కోసం 90 సెకన్లు చూసి, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లోకి తీసుకెళ్ళి నల్ల స్క్రీన్ ముందు కూర్చోబెడుతుంది. ఫొటోల డిస్క్ లేదని మొత్తం కంప్యూటర్ ఆగిపోవడం ఏం న్యాయం? నోఫెయిల్ ఉంటే డిస్క్ ఉన్నా లేకపోయినా బూట్ అవుతుంది. కానీ అప్పుడు /డేటా ఖాళీ ఫోల్డర్‌గా మిగులుతుంది. ఇందాక తాళం వేయించింది అందుకే. నోఫెయిల్‌కు ఇంకో గుణం ఉంది: మౌంట్ పూర్తయ్యేదాకా మిగతా సర్వీసులు ఆగవు. /డేటా మీద డేటాబేస్ లాంటిది నడుపుతుంటే, ఆ సర్వీస్ ఫైల్‌లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/డేటా అని చేర్చాలి (ఇందులో ఆర్, ఎం, ఎఫ్ మాత్రం పెద్ద అక్షరాలు).

రీబూట్‌కు ముందు

లైను రాసి సేవ్ చేయగానే రీబూట్ కొట్టకండి.

సుడో యుమౌంట్ /డేటా
సుడో సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్
సుడో ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై
సుడో మౌంట్ -ఏ
ఫైండ్‌ఎంఎన్‌టీ /డేటా

మొదటి కమాండ్‌ను చాలామంది వదిలేస్తారు. మౌంట్ -ఏ అప్పటికే మౌంట్ అయి ఉన్నవాటిని ముట్టుకోదు. చేత్తో చేసిన మౌంట్ అలాగే ఉంటే మీ కొత్త లైను పరీక్షకే రాదు, ఎర్రర్ లేదు కదా అని మీరు సంబరపడతారు. 'నాట్ మౌంటెడ్' అంటే అప్పటికే తీసేసి ఉన్నట్టు, ముందుకు వెళ్ళండి. 'టార్గెట్ ఈజ్ బిజీ' అంటే ఎవరో లోపల ఉన్నారు. ఆ ఎవరో సాధారణంగా మీరే, వేరే టెర్మినల్‌లో /డేటాలోకి వెళ్ళి వదిలేసి ఉంటారు. సుడో ఫ్యూజర్ -వీఎం /డేటా కొడితే ఎవరో తెలుస్తుంది. మౌంట్ -ఏ ఏమీ మాట్లాడకుండా తిరిగి వస్తే పని అయినట్టే.

ఇవేవీ చేయకుండా రీబూట్ చేసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఇరుక్కున్నా టెన్షన్ పడక్కర్లేదు, డేటా ఎక్కడికీ పోలేదు. అడిగితే రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి, మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ / అని కొట్టండి. తర్వాత నానోలో ఎఫ్ఎస్‌ట్యాబ్ తెరిచి, మీరు రాసిన లైను ముందు # పెట్టి, రీబూట్ చేయండి. రూట్ పాస్‌వర్డే పెట్టని కొన్ని సిస్టమ్‌లలో లోపలికి రానివ్వదు. అప్పుడు ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా బూట్ అయి, సిస్టమ్ పార్టిషన్‌ను మౌంట్ చేసుకుని, అదే ఫైల్ సరిచేయాలి.

డిస్క్ మీద హక్కు ఎవరిది

మౌంట్ అయినా మీరు అందులో ఫొటో పెట్టబోతే 'పర్మిషన్ డినైడ్' అంటుంది, ఎందుకంటే కొత్త ఈఎక్స్‌టీ4కి యజమాని రూట్. డిస్క్ మౌంట్ అయి ఉండగా సుడో సీహెచ్‌ఓడబ్ల్యూఎన్ మీయూజర్‌పేరు: /డేటా అని ఒక్కసారి కొడితే చాలు, ఆ మార్పు డిస్క్ మీదే రాసి ఉంటుంది.

విండోస్ నుంచి వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ డిస్కులకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి ఎఫ్ఎస్‌ట్యాబ్ నాలుగో గడిలోనే యుఐడీ=1000,జీఐడీ=1000 చేర్చాలి. మొదట సృష్టించిన యూజర్ నంబర్ సాధారణంగా 1000, ఐడీ అనే కమాండ్‌తో సరిచూసుకోండి. డ్యూయల్ బూట్ వాళ్ళకు ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్ చదవడానికే తప్ప రాయడానికి రాకపోతే, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా డిస్క్ వదలదు.

ఇంటిపని: కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, హార్డ్ డిస్క్ కేబుల్ ఊడదీసి బూట్ చేయండి. వర్చువల్ మెషిన్‌లో నేర్చుకుంటున్నవాళ్ళు ఆ డిస్క్‌ను డిటాచ్ చేస్తే సరిపోతుంది. డెస్క్‌టాప్ రావాలి, సుడో టచ్ /డేటా/ఏదైనా కొడితే ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే సీహెచ్ఏటీటీఆర్ వేసినప్పుడు డిస్క్ మౌంట్ అయి ఉందన్నమాట, తాళం ఫోల్డర్‌కు బదులు డిస్క్‌కు పడింది. డిస్క్‌ను మళ్ళీ మౌంట్ చేసి -ఐతో అది తీసి, యుమౌంట్ చేశాక సరైన చోట వేయండి.

ఏడో పాఠంలో ఇంకో కంప్యూటర్‌లో ఉన్న ఫోల్డర్‌ను, నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచుకునే ఎన్ఎఫ్ఎస్‌తో ఇక్కడ మౌంట్ చేస్తాం. ఒకే వైఫైలో రెండు లినక్స్ మెషిన్లు సిద్ధంగా పెట్టుకోండి.