సాయంత్రమైతే మంచి పప్పునూ మాడిందనేది

పలాసలో మాది చిన్న జీడిపప్పు యూనిట్. కిందటేడు గ్రేడింగ్ కోసం, అంటే పప్పును రకాలవారీగా వేరు చేయడానికి, ఏఐ కెమెరా పెట్టాం. పగలంతా బాగానే పనిచేసేది. సాయంత్రం ట్యూబ్‌లైట్లు వేయగానే తెల్లటి పప్పును కూడా మాడిందని పక్కకు తోసేసేది. డబ్ల్యూ 240 అంటే పౌనుకు 220 నుంచి 240 పప్పులు తూగే మంచి రకం. అలాంటిది మాడు ట్రేలో పడుతుంటే ప్రాణం ఉసూరుమనేది.

సాఫ్ట్‌వేర్‌లో తప్పేమోనని వారం రోజులు వెతికాను. చివరికి మా దగ్గర ఇరవై ఏళ్లుగా పప్పు ఏరుతున్న పిన్ని ఒక పప్పును గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి తిప్పి చూపించింది. "బాబూ, ఇది మాడలేదు. ఆ లైటు కింద పచ్చగా కనబడతంది, అంతే" అంది.

నిజమే. ఏఐకి నేర్పడానికి మేం వాడిన ఫోటోలన్నీ పగటి వెలుతురులో తీసినవే. కెమెరా చుట్టూ రేకు పెట్టె కట్టించి, లోపల ఒకే రకం తెల్ల ఎల్ఈడీ బిగించాం. వెలుతురును బట్టి కెమెరా రంగులు సరిచేసుకునే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలోంచి తీసి ఒకచోట స్థిరంగా ఉంచాం. తర్వాత ఆ పెట్టెలోనే కొత్త ఫోటోలు తీశాం. ఏది మాడు, ఏది పొట్టు మచ్చ, ఏది బద్ద అన్నది పిన్నే చెప్పింది, మేం గుర్తులు పెట్టాం. ఆ ఫోటోలతో మళ్లీ నేర్పించాం.

ఇప్పుడు రాత్రి షిఫ్టులోనూ తేడా రావడం లేదు. లెన్స్ మీద పొట్టు దుమ్ము మాత్రం పూటకోసారి తుడవాల్సిందే. మాడు ట్రేను ఇప్పటికీ రోజూ పిన్ని ఒకసారి చూస్తుంది.