పాత కారు ఏసీకి కొత్త గ్యాస్ – 4వ పాఠం: తూకం

ఈసారి లీకులు పట్టుకోవడం నేర్చుకోవాల్సింది. అది వచ్చే పాఠానికి వాయిదా. ఎందుకంటే కిందటి పాఠం చూసి పాత గ్యాస్ ఆర్-12 తీయించి కొత్త గ్యాస్ ఆర్-134ఏ ఎక్కించినవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: గ్యాస్ ఫుల్లుగా పట్టించాం, చల్లదనం రాలేదు. కొందరికైతే కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) కాసేపు తిరిగి టక్కున ఆగిపోతోందట. ఆ ‘ఫుల్లుగా’ దగ్గరే వచ్చింది తంటా.

పాత గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా మెషీన్‌తో లాగించడం, డ్రయర్ (లోపలి తేమ పీల్చే భాగం), ఓ-రింగులు (జాయింట్ల రబ్బరు రింగులు) మార్చడం, వాక్యూమ్ పెట్టడం (లోపలి గాలి, తేమ లాగేయడం) మళ్లీ చెప్పను. ఇవి చేయకుండా ఇక్కడిదాకా వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లండి.

డ్రయర్ నెత్తి మీద చిన్న గాజు బిళ్ల ఉంటుంది. ఆర్-12 రోజుల్లో అందులో బుడగలు పోయేదాకా గ్యాస్ ఇచ్చి ఆపేసేవారు. ఆ అలవాటుతో ఆర్-134ఏ నింపితే మునిగినట్టే. ఈ గ్యాస్ సరిగ్గా పడ్డాక కూడా గాజులో బుడగలో, పాలలాంటి తెలుపో కనిపించవచ్చు. అది పోవాలని ఇంకా ఎక్కిస్తే, ఎక్కువైన ద్రవం కండెన్సర్ (వేడి ఆవిరిని చల్లార్చి ద్రవం చేసే భాగం) అడుగున నిలిచిపోతుంది. ఆవిరి ద్రవంగా మారడానికి చోటు తగ్గుతుంది, హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికొచ్చే వైపు) ప్రెషర్ పైకి పాకుతుంది. ప్రెషర్ స్విచ్ ఉన్న బండిలో కంప్రెసర్ ఆగిపోతుంది. స్విచ్ లేని బండిలో ఆగదు, దానికే నాకు ఎక్కువ టెన్షన్. దయచేసి ఆ గాజు మీద టేపు అంటించేయండి.

ఇంకొందరు ప్రెషర్ గేజ్‌ను నమ్ముకున్నారు. ఇంజన్ ఆపి చూస్తే ముల్లు ఆర్-12 ఉన్నప్పటి చోటే ఉంది కాబట్టి గ్యాస్ సరిపోయిందని వాళ్ల వాదన. బండి ఆగి ఉన్నప్పుడు లోపల ద్రవం, ఆవిరి రెండూ ఉన్నంతసేపు ప్రెషర్‌ను తేల్చేది ఉష్ణోగ్రత ఒక్కటే. 25 డిగ్రీల దగ్గర ఆర్-12 సుమారు 80 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చూపిస్తుంది, ఆర్-134ఏ సుమారు 82. లోపల 300 గ్రాములున్నా 900 గ్రాములున్నా ముల్లు అక్కడే నిలబడుతుంది. తేడా బయటపడేది వేడి మీద: కండెన్సర్‌లో 60 డిగ్రీలు ఉంటే ఆర్-12కి సుమారు 207, ఆర్-134ఏకి సుమారు 229. పాత గ్యాస్ కోసం చేసిన కండెన్సర్ మీద అసలే ఈ అదనపు భారం ఉంది, దాని మీద మనం మరికొంత మోపుతున్నాం.

పైగా ఆర్-134ఏ ద్రవం తేలిక. అదే బరువుకు ఎనిమిది శాతం పైగా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే బండి ఏసీ స్టిక్కర్ మీద ఆర్-12కి రాసిన తూకంలో 80 నుంచి 90 శాతమే ఎక్కించాలి. స్టిక్కర్ 1000 గ్రాములంటే 800 దగ్గర ఆగి చూడండి, 900 దాటొద్దు. 1200 అంటే 960 నుంచి 1080. 850 అంటే 680 నుంచి 765. నేనైతే 85 శాతం దగ్గర ఆపేస్తాను. స్టిక్కర్ చిరిగిపోతే సర్వీస్ మాన్యువల్ చూడాలి తప్ప పక్క బండి లెక్క పనికిరాదు.

డబ్బాను తూకం మీద పెట్టే ఎక్కించండి. డబ్బా మీద అచ్చువేసిన బరువును లెక్కలో పట్టుకోవద్దు, కొంత గ్యాస్ డబ్బాలో, గొట్టంలో మిగిలిపోతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వెళ్లే వైపు) నుంచే, డబ్బా నిలువుగా పెట్టి ఇవ్వాలి. తలకిందులు చేస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోయి వాల్వులు విరుగుతాయి. హై సైడ్ వాల్వ్ తెరిస్తే ఆ ప్రెషర్ డబ్బాలోకి ఎదురుతన్ని డబ్బా పేలవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

ఆయిల్ సంగతి: పాత మినరల్ ఆయిల్‌నే మళ్లీ పోసినవాళ్లు ఉన్నారు. ఆర్-134ఏ దాన్ని కలుపుకొని కంప్రెసర్‌కు తిరిగి తీసుకురాదు. పీఏజీ అనే సింథటిక్ ఆయిల్ వాడొచ్చు, కానీ లోపల మిగిలిన పాత ఆయిల్‌తో దానికి పొసగదు, తేమనూ తెగ పీలుస్తుంది. నా ఓటు ఎస్టర్ ఆయిల్‌కే.

అభ్యాసం. బండి తలుపులు తెరిచి, బ్లోయర్ ఫుల్లులో పెట్టి, ఇంజన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. కండెన్సర్ ముందు పెద్ద ఫ్యాన్ పెట్టండి. 70 శాతం తూకం దగ్గర మొదలుపెట్టి, 50 గ్రాముల చొప్పున ఎక్కిస్తూ ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగి నాలుగు అంకెలు రాసుకోండి: బయటి ఉష్ణోగ్రత, ఏసీ గాలి ఉష్ణోగ్రత, లో సైడ్, హై సైడ్. గాలి చల్లబడటం ఆగి హై సైడ్ ఒక్కటే పెరుగుతున్నా, తూకం 90 శాతానికి చేరినా ఆపేయండి. మర్నాడు ఎండ తగ్గాక, గ్యాస్ ముట్టుకోకుండా, అదే నాలుగు అంకెలు మళ్లీ తీయండి. హై సైడ్ ఎంత తగ్గిందో, ఎందుకు తగ్గిందో రెండు వాక్యాల్లో రాయలేకపోతే లీకుల పాఠం జోలికి ఇంకా రావద్దు.