రెండు కిలోబైట్లలో తెలుగు, ఒడియా సందేశాలు: చిన్న చిప్‌లో మెమొరీ కేటాయింపు

గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాలలో పొలం మోటారు ఆగిందని ఫోన్‌కు తెలియజేసే పరికరాన్ని తయారు చేసేవారు, ఒక రైతు తెలుగు చదివితే పక్క రైతు ఒడియా చదువుతాడు కనుక, రెండు లిపులలోనూ సందేశాలు సిద్ధం చేయవలసి ఉంటుంది. ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులోని ఏటీమెగా328పీ చిప్‌లో ర్యామ్ (ప్రోగ్రాం నడిచేటప్పుడు వాడుకునే మెమొరీ) 2048 బైట్లు మాత్రమే. ఈ లిపులలో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 యూనికోడ్ సంకేతాలే పడతాయి. ఎస్సెమ్మెస్ పంపే జీఎస్‌ఎం మాడ్యూల్‌కు ఒక్కొక్క సంకేతాన్ని నాలుగు హెక్స్ (పదహారు ఆధారిత) అంకెలుగా, అంకెకు ఒక బైటు చొప్పున పంపితే, ముగింపును సూచించే చివరి సున్నా బైటుతో కలిపి 281 బైట్లు కావాలి. కంటికి మూడక్షరాలైన ‘విద్యుత్తు’ పది సంకేతాలు తీసుకుంటుంది; ‘కరెంటు’కు ఆరు చాలు.

ఆ 281 బైట్లను సందేశం పంపిన ప్రతిసారీ మాలాక్ (మెమొరీని అడిగే ఫంక్షన్)తో తీసుకొని ఫ్రీ (దానిని తిరిగి ఇచ్చే ఫంక్షన్)తో విడిచిపెట్టడం మంచి పద్ధతి కాదు. మాలాక్ జాగా ఇచ్చే ర్యామ్ భాగమైన హీప్ మధ్యలో అంత జాగా ఖాళీ కాగానే, ఇరవై బైట్ల ఫోన్ నంబరు ఒకటి వచ్చి అందులోనే కూర్చోవచ్చు. తరువాతి సందేశం అక్కడ పట్టదు. ఇలా కొన్నాళ్లు నడిచాక మొత్తం 400 బైట్లు ఖాళీగా ఉన్నా, 281 బైట్లు ఒకేచోట దొరకక మాలాక్ శూన్య పాయింటర్‌ను (జాగా లేదనే సూచనను) తిరిగి ఇస్తుంది. ఆర్డుయినోలో మాటలను దాచి అతికించే స్ట్రింగ్ క్లాసు కూడా లోపల ఇదే హీప్‌ను వాడుతుంది. జాగా చాలకపోతే మాటను అతికించకుండానే ముందుకు సాగిపోతుంది కనుక, నా దృష్టిలో అది మరింత ప్రమాదకరం.

అందువల్ల 281 బైట్ల గ్లోబల్ అర్రే (ప్రోగ్రాం అంతటికీ స్థిరంగా ఉండే బైట్ల వరుస) ఒక్కటి ప్రకటించి, రెండు భాషలకూ దానినే వాడండి. అది ఆక్రమించే జాగా కంపైల్ చేసినప్పుడే లెక్కలోకి వస్తుంది. మారని వాక్యాలను ప్రోగ్‌మెమ్ అనే గుర్తుతో, ప్రోగ్రాం ఉండే 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమొరీలో ఉంచి, పంపే ముందు మాత్రమే అర్రేలోకి తీసుకోండి.

కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమొరీలో ఎన్ని ఫోన్ నంబర్లు ఉన్నాయో పరికరం మొదలైనప్పుడే తెలిసే పక్షంలో మాలాక్ వాడవచ్చు. అయితే మొదట ఒక్కసారే నడిచే సెటప్ ఫంక్షన్‌లో ఒక్కసారే పిలిచి, ఫలితం శూన్యమేమో పరీక్షించి, ఆపై ఫ్రీ జోలికి పోకూడదు.

ర్యామ్‌లో హీప్ కింది నుంచి పైకి, ఫంక్షన్ల తాత్కాలిక విలువలుండే స్టాక్ పై నుంచి కిందికి పెరుగుతాయి. మాలాక్‌ను అందించే ఏవీఆర్ లిబ్‌సీ లైబ్రరీ వాటి మధ్య మామూలుగా 128 బైట్లు వదులుతుంది కాని, ఆ తనిఖీ మాలాక్ పిలిచిన క్షణానికే పరిమితం; ఆ తరువాత స్టాక్ పెరిగి హీప్‌లోకి చొచ్చుకొస్తే ఆపేవారు లేరు. కాబట్టి స్టాక్ పాయింటర్‌కూ (స్టాక్ ఎంతవరకు దిగిందో చూపే చిరునామాకూ) హీప్ చివరకూ ఉన్న తేడాను, పదేపదే నడిచే లూప్ ఫంక్షన్ మొదట్లో కాక, సందేశం పంపే ఫంక్షన్లలో అన్నిటికంటే లోపలి దానిలో కంప్యూటర్‌లోని సీరియల్ మానిటర్‌పై ముద్రించి చూడండి.