ఇంగ్లిష్ మనకు మనమే – 7వ పాఠం: అయ్యే పని, కుదిరే పని, గిట్టుబాటయ్యే పని

పోయిన పాఠంలో 'పాసిబుల్' ఒక్కటే చెప్పి, ఐదు వాక్యాలు రాసి పంపమన్నాను. తప్పు నాదే. మాట చెప్పాను గానీ దాని ముందు ఏం రావాలో చెప్పలేదు. మీరు పంపిన వాటిలో సగానికి పైగా ఇలా ఉన్నాయి: 'ఐ యామ్ నాట్ పాసిబుల్ టు కమ్ టుమారో.' కొత్త మాటలు కాసేపు ఆగుతాయి. ముందు దీని సంగతి తేలాలి.

తెలుగులో మీరు 'నేను వీలవుతాను' అంటారా? అనరు. 'నాకు వీలవుతుంది' అంటారు. వీలయ్యేది రావడం, మీరు కాదు. ఇంగ్లిష్‌లోనూ అంతే: 'ఇట్ ఈజ్ నాట్ పాసిబుల్ ఫర్ మీ టు కమ్.' ఆ 'ఫర్ మీ' మన 'నాకు'. మీ తెలుగులో తప్పేం లేదు. ఇంగ్లిష్‌లోకి దిగేటప్పుడు 'నాకు' జారిపోయి, దాని చోట 'నేను' వచ్చి కూర్చుంటోంది. 'షి ఈజ్ నాట్ పాసిబుల్ ఆన్ సండే', 'అవర్ డ్రైవర్ ఈజ్ పాసిబుల్ ఆఫ్టర్ సిక్స్'... అన్నీ ఇదే జబ్బు.

ఒకాయనైతే 'మై వైఫ్ ఈజ్ ఇంపాసిబుల్' అని రాశారు. ఆవిడకు పెళ్లికి రావడం కుదరదని ఆయన భావం. చిక్కేమిటంటే, ఇది వ్యాకరణం ప్రకారం సరైన వాక్యమే. అర్థం మాత్రం 'మా ఆవిడతో వేగలేం' అని! ఆవిడ కంట పడకముందే దిద్దుకోండి సార్.

నా అడ్డదారి చెబుతాను. మనిషితో వాక్యం మొదలుపెడితే నేను పాసిబుల్ జోలికే వెళ్లను. 'ఐ కాంట్ కమ్ టుమారో.' అయిపోయింది.

ఇప్పుడు ఈరోజు మాటలు. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. మనుషులు రోజూ ఎక్కుతూనే ఉన్నారు కాబట్టి అది పాసిబుల్. మోకాళ్ల నొప్పులున్న అవ్వనూ, చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని ఎక్కి, దర్శనం చేసుకుని, సాయంత్రం రైలు అందుకోవాలంటే? అది ఫీజిబుల్ కాదు. లోకంలో జరగగలదా అన్నది పాసిబుల్. మన దగ్గరున్న టైమూ, డబ్బూ, మనుషులతో కుదురుతుందా అన్నది ఫీజిబుల్. దీని మూలం ఫ్రెంచిలో 'చేయడం' అనే అర్థమున్న 'ఫేర్'. అందుకే దీన్ని పనులకూ పథకాలకూ వాడతారు. 'ఇట్ ఈజ్ నాట్ ఫీజిబుల్ విత్ అవ్వ' అనండి, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ఆ మాత్రం కలగాపులగం నాకు ఇష్టమే.

ఆఫీసులో కూడా ఇది పనికొస్తుంది. మేనేజరుతో 'ఇంపాసిబుల్' అంటే తలుపు మొహాన వేసినట్టుంటుంది. 'ఇట్ మే నాట్ బి ఫీజిబుల్ బై ఫ్రైడే' అంటే, శుక్రవారానికి కాదు, సోమవారం చూద్దాం అన్నట్టు వినిపిస్తుంది.

ఇక 'వయబుల్'. చిత్తూరు వాళ్లకు దీన్ని నేర్పక్కర్లేదు, 'గిట్టుబాటు' అనే మాట పుట్టినప్పటి నుంచీ వింటున్నారు. తోట నిండా బెంగళూరా మామిడికాయ ఉంది. కోయడానికి కూలీలున్నారు, లారీ ఉంది, గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర్లోనే ఉంది. పని ఫీజిబులే. కానీ కోత కూలీ, లారీ బాడుగ కలిపితే ఫ్యాక్టరీ ఇచ్చే ధరను మించిపోయిందనుకోండి, 'ఇట్ ఈజ్ నాట్ వయబుల్.' కాయ చెట్టునే వదిలేస్తారు. ఈ మాటకు ఫ్రెంచి మూలం 'వీ', అంటే ప్రాణం. కడుపులోని బిడ్డ బయటికొస్తే బతకగలదా అని చెప్పడానికి డాక్టర్లు ఇప్పటికీ ఇదే మాట వాడతారు. వ్యాపారంలోనూ అడిగేది అదే: తన కాళ్ల మీద బతుకుతుందా? మొదలుపెట్టడం కుదురుతుందా అన్నది ఫీజిబుల్, మొదలుపెట్టాక నిలబడుతుందా అన్నది వయబుల్.

'రియలిస్టిక్' మీకు తెలిసిందే. 'ప్రాక్టికబుల్' అని ఒకటుంది, ఆచరణలో పెట్టగలిగేది అని అర్థం. నేను వాడను, నోరు తిరగదు. 'డూయబుల్' తేలిక మాట, స్నేహితులతో చక్కగా ఉంటుంది. దాన్ని 'డోయబుల్' అని చదవకండి.

అభ్యాసం. రేపు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా మీ చెవిన పడే ప్రతి 'కుదరదు', 'కాదు', 'గిట్టదు' ఒక కాగితం మీద రాసుకోండి. ఆటోవాలా అన్నా, పక్కింటావిడ అన్నా వదలొద్దు. రాత్రికి ఒక్కొక్కదాని పక్కన అది పాసిబుల్ కాదా, ఫీజిబుల్ కాదా, వయబుల్ కాదా తేల్చి, పూర్తి వాక్యం రాయండి. మనిషిని ముందు పెట్టి 'ఈజ్ నాట్ పాసిబుల్' అన్న వాక్యం ఒక్కటి కనిపించినా కాగితం మొత్తం తిప్పి పంపుతాను.

నిన్న నేనూ రాశాను. పదిహేడు వచ్చాయి. పదకొండు నేను మా ఇంట్లో అన్నవే. వాటిలో నిజంగా ఫీజిబుల్ కానివి రెండు.